ఉగాది నుంచి శ్రీరామనవమి దాకా

మా ఇంటి కబుర్లు నాలుగు వ్రాసి ఇమ్మని సంపాదకులు చాలాకాలంగా అడుగుతున్నారు. ఆస్పత్రి డ్యూటీల వల్ల తీరిక లేదనడం పాత పాటే గనక, 2025 ఉగాదికీ శ్రీరామనవమికీ మధ్య గడిచిన వారం సంగతులు చెప్పి బాకీ తీర్చుకుంటాను.

విశ్వావసు నామ సంవత్సర ఉగాది మార్చి 30, ఆదివారం వచ్చింది. మర్నాడే హరి రాయా. ఇటుక బట్టీల వల్ల పేరొచ్చిన మన బ్రిక్‌ఫీల్డ్స్‌లో ఆ ఉదయం చూడవలసిందే. తున్ సంబంధన్ వీధిలో పూలు, మామిడాకులు బేరమాడే మనవాళ్లు ఒకవైపు. పెట్టెలు లాక్కుంటూ సెంట్రల్ స్టేషనుకు పరుగెత్తేవాళ్లు ఇంకొకవైపు. పండగకి సొంత ఊరు చేరుకోవడాన్ని మలయ్ వాళ్లు ‘బాలిక్ కంపుంగ్’ అంటారు. మన కంపుంగ్ మాత్రం ఫోనులోనే గదా!

వేపపువ్వు దొరక్క లేత వేపాకు తుంచి పచ్చడిలో వేశాం. మా ఆరేళ్ల అమ్మాయి నోట్లో పెట్టుకోగానే ‘పహిత్!’ అంది. ‘ఏమందిరా అది?’ అని విజయవాడ నుంచి ఫోనులో మా అమ్మ. చేదుగా ఉందంటోందని చెప్పాను. నాయనమ్మకీ మనవరాలికీ మధ్య దుబాసీ కావలసి వచ్చిందని ఆ రాత్రి మా ఆవిడకి నిద్ర పట్టలేదు.

ఆ వారంలోనే మా పెళ్లయి పదేళ్లు నిండాయి. లంకావి వెళ్దామని నేను హోటలు గదులు చూస్తుంటే, ఆవిడ బగాన్ దాతుక్ వెళ్దామంది. అక్కడి ఒక పెద్దాయన ఉగాది సభలో పరిచయమై, తమ రామమందిరంలో నవమికి రమ్మని పిలిచారు. అక్కడా సముద్రం ఉంది గదా అని నేనూ సరేనన్నాను.

ఏప్రిల్ 6 పొద్దున్నే కారులో బయలుదేరాం. కౌలా సెలంగోర్ దాటి సెకించన్ చేరేసరికి రోడ్డు పక్కన వరిచేలు. కృష్ణా డెల్టా వాణ్ణి, కారు ఆపకుండా ఉండలేకపోయాను. బెర్నాం నది దాటితే పేరా రాష్ట్రం. ఆపైన కొబ్బరితోటలు. మా ఆవిడది శ్రీకాకుళం జిల్లా ఉద్దానం. ‘సోంపేట వచ్చేశామండీ’ అంది.

ఆ మాటలో నిజం లేకపోలేదు. ఈ తోటల పనికి ఉత్తరాంధ్ర నుంచీ, గోదావరి జిల్లాల నుంచీ మనవాళ్లు తరలి వచ్చారు. ఒప్పంద కూలీ పద్ధతి 1910లో ఆగింది. 1938లో భారత ప్రభుత్వం కూలీల వలసనే నిలిపివేసింది. ఉన్నవాళ్లు ఉన్నచోటనే వేళ్లూనుకున్నారు. 1955లో మలయా ఆంధ్ర సంఘం పెట్టుకున్నారు. నేటి మలేసియా తెలుగు సంఘం అదే. 1981లో రెండవ ప్రపంచ తెలుగు మహాసభలు కౌలాలంపూరులో జరిగాయంటే వీళ్ల చలవే.

మందిరంలో పానకం, వడపప్పు పంచుతున్నారు. ఎనభై ఏళ్ల ముసలమ్మగారు మా ఆవిణ్ణి చూసి, ‘ఏటమ్మా నిలబడిపోనావు, కూకో’ అన్నారు. అచ్చంగా తన అమ్మమ్మ మాటే! మా ఆవిడ కళ్లు తుడుచుకుంది. ఆ పెద్దావిడ ఆంధ్రదేశం ఎన్నడూ చూడలేదు. బజారుని ‘పసర్’ అంటారు గాని, తక్కినదంతా తెలుగే. అక్షరాలు ఎస్టేటు బడిలో నేర్చుకున్నారు. ఆ బడి ఎన్నడో మూతపడింది. మనవలు తమిళ, మలయ్ బడుల్లో చదివినా ఇంట్లో తెలుగే మాట్లాడతారు. ఎలా నిలిచిందమ్మా అని అడిగితే, ‘ఇంట్లో ఇంకో బాస ఆడితే మాయమ్మ అన్నం ఎట్టీది కాదు బాబూ’ అన్నారు.

మా అమ్మాయిని ఒళ్లో కూర్చోబెట్టుకుని ఆవిడ పానకం తాగించారు. దీని ఇంగ్లీషు ఆవిడకి రాదు. గ్లాసు ఖాళీ కాగానే గత్యంతరం లేక ‘ఇంకొంచెం కావాలి’ అంది మా పిల్ల, తెలుగులో.

మనం చదువులు చదివి విమానాల్లో వచ్చినవాళ్లం. ఇంటివాళ్ల ముఖం రోజూ ఫోనులో చూస్తున్నాం. రోజంతా తోటలో వంగి పనిచేసినవాళ్లు నాలుగు తరాలు కాపాడుకున్న దాన్ని మనం ఒక్క తరంలో జారవిడిస్తే అది తీరిక లేకపోవడం వల్ల మాత్రం కాదు.

తిరుగు ప్రయాణంలో ఒక నిర్ణయానికి వచ్చాం. ఇకపై ప్రతి శనివారం సాయంత్రం నాలుగింటికి మా ఫ్లాటులో పిల్లలకి తెలుగు చెబుతాం. అక్షరాలు మా ఆవిడవి, కథలు నావి. నాకు డ్యూటీ పడిన శనివారాల్లో కథలు చెప్పడానికి ఒక తాతగారో బామ్మగారో కావాలి. పలకలు మేం కొని ఉంచాం. పిల్లల్ని మీరు పంపండి.