మెట్ట ప్రాంతపు ఇళ్లలో చల్లదనం – చేతికందే విద్యుత్ పొదుపు
(ప్రత్యేక వ్యాసం)

రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయన్నది తెలుగునాట అందరూ ఎరిగిన నానుడి. అందులోని సత్యం జగ్గయ్యపేట, నందిగామ ప్రజలకు ప్రతి ఏటా అనుభవానికి వస్తూనే ఉంది. పూర్వపు కృష్ణా జిల్లాలో మెట్ట ప్రాంతంగా పేరొందిన ఈ మండలాలు 2022 ఏప్రిల్ 4వ తేదీన ఏర్పడిన ఎన్.టి.ఆర్. జిల్లాలో భాగమైనాయి. డెల్టా మండలాలకు ఉన్న పంట కాలువల చెమ్మ గానీ, తీరప్రాంతానికి ఉన్న సముద్రపు గాలి గానీ ఇక్కడికి అంతగా చేరవు. సున్నపురాతి నేలలు, పత్తి, మిరప చేలు, పడమటి నుండి వీచే వడగాడ్పులు ఇక్కడి వేసవికి గుర్తులు.

ఈ వేసవిని తట్టుకునేందుకు గృహస్థులు చెల్లిస్తున్న మూల్యం విద్యుత్ బిల్లు రూపంలో కనిపిస్తుంది. శీతల దేశాలలో ఇంటిని వెచ్చగా ఉంచుకునేందుకు అయ్యే ఖర్చు భారమైతే, మన ప్రాంతంలో ఇంటిని చల్లబరచుకునేందుకు అయ్యే ఖర్చే ప్రధాన భారం. ఈ భారాన్ని తగ్గించుకునే మార్గాలలో అధిక భాగం సామాన్య గృహస్థు చేతిలోనే ఉన్నాయి.

బిల్లు ఎందుకు పెరుగుతుంది?

గృహ వినియోగదారులకు విద్యుత్ చార్జీలు అంచెలంచెలుగా ఉంటాయి. రాష్ట్ర విద్యుత్ నియంత్రణ మండలి 2022-23 టారిఫ్ ఉత్తర్వులో యూనిట్ ధరను మొదటి 30 యూనిట్లకు రూ.1.90, 31 నుండి 75 వరకు రూ.3.00, 76 నుండి 125 వరకు రూ.4.50, 126 నుండి 225 వరకు రూ.6.00, 226 నుండి 400 వరకు రూ.8.75, ఆపైన రూ.9.75గా నిర్ణయించింది.

ఈ ధరల ప్రకారం నెలకు 400 యూనిట్లు వాడిన కుటుంబానికి, స్థిర చార్జీలు, ఇతర సర్దుబాట్లు కాక, విద్యుత్ చార్జీ రూ.2,548 అవుతుంది. అదే కుటుంబం 300 యూనిట్లతో సరిపెట్టుకున్నట్లయితే రూ.1,673 మాత్రమే. అనగా వాడకంలో నాలుగవ వంతు తగ్గితే చార్జీలో మూడవ వంతుకు పైగా తగ్గుతుంది. పొదుపు చేసే ప్రతి యూనిట్ బిల్లులోని అత్యధిక ధర గల అంచె నుండే తగ్గడం ఇందుకు కారణం. వేసవిలో పొదుపు విలువ ఇతర కాలాల కంటే అధికమని దీనివలన స్పష్టమవుతున్నది.

వేడి ఎక్కడి నుండి వస్తున్నది?

ఒకప్పుడు ఈ ప్రాంతపు పల్లెల్లో తాటాకు ఇళ్లు, పెంకుటిళ్లు, మండువా లోగిళ్లు ఎక్కువగా ఉండేవి. మందపాటి గోడలు, ఎత్తైన కప్పు, ముందు వసారా, వాకిట్లో వేప చెట్టు కలిసి ఎండను ఇంట్లోకి రాకుండా ఆపేవి. నేడు వాటి స్థానంలో స్లాబు ఇళ్లు వచ్చాయి. కాంక్రీటు స్లాబు పగలంతా ఎండను పీల్చుకుని, ఆ వేడిని రాత్రి పొద్దుపోయే వరకు గదిలోకి విడుదల చేస్తుంది. బయట గాలి చల్లబడిన తరువాత కూడా పై అంతస్తు గదులు ఉడికిపోవడానికి ఇదే కారణం. రేకుల ఇళ్లలో నివసించే పేద కుటుంబాల పరిస్థితి ఇంతకంటే కష్టతరం. రేకు పలుచనిది కనుక ఎండ వేడి క్షణాలలోనే లోపలికి దిగుతుంది.

సాయంత్రం మేడపై నీళ్లు చల్లడం చాలామందికి అలవాటు. ఉపశమనం కలిగే మాట నిజమే గానీ, వేసవిలో నీటి ఎద్దడి గల మెట్ట ప్రాంతంలో ఇది ఖరీదైన మార్గం. నీటిని పైకి తోడే మోటారుకు అయ్యే విద్యుత్తు కూడా బిల్లులోనే చేరుతుంది.

సున్నపు పూతతో తొలి మెట్టు:

సున్నపురాతికి నెలవైన జగ్గయ్యపేట ప్రాంతంలో పరిష్కారం కూడా సున్నంలోనే ఉండటం విశేషం. మేడపై తెల్లని పూత వేసినట్లయితే ఎండలో అధిక భాగం తిరిగి ఆకాశంలోకి పరావర్తనం చెందుతుంది. పూత లేని స్లాబు అందులో అధిక భాగాన్ని తనలోకి తీసుకుంటుంది. తెల్లని పూత వలన పై అంతస్తు గదులలో ఉష్ణోగ్రత సాధారణంగా రెండు నుండి ఐదు డిగ్రీల వరకు తగ్గుతుందని నిపుణుల అంచనా.

హైదరాబాదులోని వాణిజ్య భవనాలపై జరిపిన కొలతల ఆధారంగా 2011లో వెలువడిన ఒక అధ్యయనం, పూత లేని కాంక్రీటు కప్పును తెల్లగా మార్చడం వలన శీతలీకరణకు అయ్యే విద్యుత్తులో 10 నుండి 19 శాతం ఆదా అవుతుందని తేల్చింది. పొరుగు రాష్ట్రమైన తెలంగాణ 2023 ఏప్రిల్‌లో 2023-28 కాలానికి చల్లని కప్పుల విధానాన్ని ప్రకటించింది. ప్రభుత్వ, వాణిజ్య భవనాలతో పాటు 600 చదరపు గజాలు, అంతకు మించిన స్థలాలలోని నివాసాలకు ఈ విధానం వర్తిస్తుంది.

పూత వేసే ముందు మేడను శుభ్రంగా కడిగి, పగుళ్లు పూడ్చి, జిగురు కలిపిన సున్నాన్ని రెండు పూతలుగా వేయాలి. ఫిబ్రవరి, మార్చి నెలలు ఇందుకు అనుకూలం. సున్నం కళ్లలో పడకుండా జాగ్రత్త వహించాలి. రహదారుల దుమ్ము, పరిశ్రమల ధూళి పేరుకున్న కొద్దీ తెలుపు మాసి ఫలితం తగ్గుతుంది కనుక మేడను అప్పుడప్పుడు ఊడ్చి, ఏటా పూతను పునరుద్ధరించుకోవాలి. రేకుల ఇళ్లకు సైతం తెల్లని పూత మేలు చేస్తుంది. అయితే రేకు బరువు మోయలేదు కనుక దానిపై నడవకుండా పని చేయించుకోవాలి.

నీడ – గాలి:

ఇంటి పడమటి గోడకు సాయంత్రపు ఎండ ఏటవాలుగా తగులుతుంది. ఆ వైపున వేప, కానుగ వంటి చెట్లు, పందిరి, కిటికీలపై చజ్జాలు ఉన్నట్లయితే గోడ వేడెక్కదు. కిటికీ లోపల వేసిన తెర కంటే బయట కట్టిన తడిక అధిక ప్రయోజనకరం. లోపలి తెర ఎండ అద్దాన్ని దాటి వచ్చిన తరువాత ఆపుతుంది, బయటి తడిక అద్దాన్ని చేరకముందే ఆపుతుంది.

వడగాడ్పు వీచే వేళ కిటికీలు తెరిచి ఉంచడం వలన వేడి గాలి లోపలికి వస్తుంది. ఉదయం పది గంటల లోపు మూసి, బయట చల్లబడిన తరువాత ఎదురెదురు కిటికీలు తెరవడం మంచిది. దోమల భయంతో రాత్రిపూట కిటికీలు తెరవని ఇళ్లకు జాలీ తలుపులు ఉపకరిస్తాయి.

ఎయిర్ కూలర్ విషయం ఇందుకు భిన్నం. నీటి ఆవిరి ద్వారా చల్లబరచే కూలర్‌కు పొడి గాలి అవసరం. కనుకనే తీరప్రాంతం కంటే మెట్ట ప్రాంతంలో ఇది బాగా పనిచేస్తుంది. చెమ్మగిల్లిన గాలి బయటకు పోయేందుకు కూలర్ నడుస్తున్నంత సేపు ఒక కిటికీ తెరిచి ఉంచాలి. కూలర్‌ను మూసిన గదిలో పెట్టి, చల్లదనం లేదని ఎ.సి. కొనే కుటుంబాలు ఈ విషయం గమనించాలి.

ఫ్యాన్లు – ఎ.సి.లు:

సాధారణ సీలింగ్ ఫ్యాను సుమారు 75 వాట్లు వాడుకుంటుంది. బి.ఎల్.డి.సి. మోటారు గల ఫ్యానుకు సుమారు 30 వాట్లు చాలు. రోజుకు 15 గంటల చొప్పున నెలకు ఒక్కో ఫ్యానుపై 20 యూనిట్లు, మూడు ఫ్యాన్లపై 60 యూనిట్లు ఆదా అవుతాయి. రూ.8.75 అంచెలో ఉన్న కుటుంబానికి ఇది నెలకు రూ.500కు పైగా లాభం. సీలింగ్ ఫ్యాన్లకు స్టార్ లేబుల్ 2023 జనవరి 1 నుండి తప్పనిసరి అయినది.

విద్యుత్ పొదుపు చట్టం-2001 ప్రకారం 2002లో ఏర్పడిన బ్యూరో ఆఫ్ ఎనర్జీ ఎఫిషియెన్సీ 2006లో స్టార్ లేబుల్ పథకాన్ని ప్రారంభించింది. ఎ.సి. లేబుల్‌పై ఉండే వార్షిక యూనిట్ల అంకె 1,600 గంటల వాడకాన్ని ఆధారంగా చేసుకుని లెక్కించినది. ప్రమాణాలను ఎప్పటికప్పుడు కఠినతరం చేస్తున్నందున, పాత సంవత్సరపు ఐదు నక్షత్రాలు కొత్త సంవత్సరపు ఐదు నక్షత్రాలకు సమానం కావు. కొనుగోలుదారులు నక్షత్రాలతో పాటు లేబుల్‌పై సంవత్సరాన్ని, యూనిట్ల అంకెను కూడా చూడాలి.

స్టార్ లేబుల్ గల ఎ.సి.లు 2020 జనవరి 1 నుండి 24 డిగ్రీల అమరికతో వస్తున్నాయి. ఒక్కో డిగ్రీ పెంచితే సుమారు 6 శాతం విద్యుత్తు ఆదా అవుతుందని బ్యూరో తెలియజేస్తున్నది. 24 నుండి 26 డిగ్రీల మధ్య ఎ.సి.ని ఉంచి, ఫ్యానును నెమ్మదిగా తిప్పినట్లయితే సౌకర్యానికి లోటు రాదు. 18 డిగ్రీలకు తగ్గించినంత మాత్రాన గది త్వరగా చల్లబడదు. యంత్రం మరింత సేపు పనిచేస్తుంది, అంతే. రెండు వారాలకొకసారి ఫిల్టర్ కడగడం, తలుపు సందులు మూయడం, బయటి యూనిట్‌కు గాలి ఆడేలా నీడ కల్పించడం ఖర్చు లేని పొదుపు మార్గాలు.

పొదుపు ప్రాణానికి ముప్పు కారాదు:

2015 వేసవిలో రాష్ట్రంలో 1,300 మందికి పైగా వడదెబ్బకు బలైన విషాదాన్ని మరువరాదు. ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటినపుడు మూసిన గదిలో ఫ్యాను గాలి మాత్రమే రక్షణ కాజాలదు. వృద్ధులు, పసిపిల్లలు, గర్భిణులు, రోగులు ఉన్న ఇళ్లలో బిల్లుకు వెరచి కూలర్ గానీ, ఎ.సి. గానీ ఆపివేయరాదు. ముందుగా కప్పును, గోడను చల్లబరచుకున్న ఇంట్లో తక్కువ ఖర్చుతోనే ఆ రక్షణ లభిస్తుంది. విద్యుత్ సామర్థ్యమంటే ఉక్కపోతను భరించడం కాదు. అదే చల్లదనాన్ని తక్కువ యూనిట్లతో పొందడం.

అధికారులు, పాత్రికేయుల పాత్ర:

దేశంలో శీతలీకరణ అవసరం 2017-18తో పోల్చితే 2037-38 నాటికి సుమారు ఎనిమిది రెట్లు పెరుగుతుందని కేంద్ర ప్రభుత్వం 2019లో విడుదల చేసిన కార్యాచరణ ప్రణాళిక అంచనా వేసింది. అందుచేత ఈ పని ఇంటి గడపతో ఆగదు. పాఠశాలలు, అంగన్‌వాడీ కేంద్రాలు, వసతి గృహాలు, ప్రభుత్వ కార్యాలయాల మేడలకు వేసవికి ముందే తెల్లని పూత వేయించినట్లయితే పిల్లలకు ఊరట లభించడంతో పాటు ప్రజలకు కళ్లెదుటే నిదర్శనం ఏర్పడుతుంది. ఇళ్ల ప్లాన్లు మంజూరు చేసే వేళ పడమటి నీడ, ఎదురెదురు కిటికీల గురించి ఒక్క మాట చెప్పడం ఇల్లు నిలిచినన్నాళ్లు మేలు చేస్తుంది.

ఏటా డిసెంబరు 14న జరుపుకునే జాతీయ విద్యుత్ పొదుపు దినోత్సవం నాటి సందేశం వేసవి వచ్చే నాటికి మరుగున పడరాదు. ఎండల వార్తలతో పాటు ఎండను తట్టుకునే ఉపాయాలను కూడా పత్రికలు ప్రజలకు చేరవేయాలి. మాఘమాసంలో మేడపై వేసిన సున్నపు పూత రోహిణి కార్తెలో ఇంటిల్లిపాదికీ నిద్రనిస్తుంది. ప్రజలు, అధికారులు, పాత్రికేయులు ఈ ప్రయత్నంలో భాగస్వాములు కావలసిన అవసరం ఎంతైనా ఉంది.