బియ్యం వచ్చినయి, కూర ఏది?

2025 ఉగాదినాడు హుజూర్‌నగర్‌లో సన్నబియ్యం పంపిణీ మొదలైంది. తలకు 6 కిలోలు. మంచిదే. మరి కూర సంగతేమిటి? మనిషికి రోజుకు 400 గ్రాముల కూరగాయలు కావాలని తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో చెప్పింది. నలుగురున్న ఇంటికి కిలోన్నర పైమాటే. కూలి డబ్బులతో రోజూ అంగట్ల కొనగలమా?

నల్లగొండ, పాలమూరు పల్లెల్లో దీనికి మన ఆడవాళ్లు పెరట్లోనే దారి వెతుక్కున్నారు. మిరుగు పడంగనే గుడిసె పక్కన నాలుగు చిక్కుడు గింజలు, రెండు బీర గింజలు పెడతారు. గిన్నెలు కడిగిన నీళ్లే పాదుకు పోస్తారు. పేను పడితే పొయ్యిల బూడిద చల్లుతారు.

బఠాణీకి చలి కావాలె. అక్టోబరు, నవంబరులలో విత్తాలి. గింజ నిండి, తొక్క ఇంకా పచ్చగా ఉన్నప్పుడే కాయ తెంపాలి. ఎప్పటికప్పుడు తెంపితేనే మళ్లీ పూత వస్తుంది. నాలుగు కాయలను తీగమీదనే ఎండనిచ్చి విత్తనానికి దాచుకోవాలి. కాపు అయిపోయినంక మొక్కను పీకకుండా మొదట్లో కోయాలి. బఠాణీ, చిక్కుడు, బొబ్బర వేళ్ల బుడిపెలు గాలిలోని నత్రజనిని పట్టి ఉంచుతాయి. వేళ్లు కుళ్లితే ఆ బలం మట్టికే.

ఇదంతా సరే, జాగా ఉన్నోళ్లకు! ఇల్లంటే నాలుగు గోడలేనని లెక్కగట్టి స్థలం కొలిస్తే పందిరి ఎక్కడ వేయాలి? వలసపోయినోళ్ల ఇండ్లల్ల మిగిలిన ముసలోళ్లకు ఆ తీగే ఆసరా. ఇంటిస్థలం కోసం దరఖాస్తు రాసేటప్పుడు పెరడు కూడా కలిపి రాద్దాం. గ్రామసభలో గట్టిగా అడుగుదాం.