రిమోట్ వంతు ఎవరిది?

జ్వరమొచ్చి పడుకున్నా, కాలు బెణికి మంచమెక్కినా, బాలింతగా పుట్టింట్లో ఉన్నా, ముసురు పట్టి గడప దాటలేకపోయినా చుట్టుపక్కలవాళ్లు చెప్పే మాట ఒకటే. "ఏమున్నది, టీవీ చూసుకుంట కూసో!" చెప్పడానికి ఎంత సులువో! కానీ ఏం చూడాలి, ఎంతసేపు చూడాలి, ఎవరి ఇష్టం ప్రకారం చూడాలి అనేవి ఆ ఇంటి ఇల్లాలికి అంత తేలిక ప్రశ్నలేం కావు. ఇంట్లో నలుగురు ఉంటే నాలుగు రుచులు. వంటలోనైతే ఏదో సర్దేస్తాం. టీవీ దగ్గర సర్దడమే కష్టం.

ఈ సంగతి మా సిరిసిల్ల వాళ్లకు 2020లో బాగా తెలిసొచ్చింది.

సాంచాలు ఆగిన రోజులు

సిరిసిల్ల అంటే సాంచాల చప్పుడు. మరమగ్గాలను మేం సాంచాలనే అంటాం. 20 వేలకు పైగా సాంచాలున్న ఊరిది. రాత్రీ పగలూ తేడా లేకుండా టకటకమని ఆడుతుంటే ఆ చప్పుడులోనే పిల్లలు నిద్రపోతారు, ఆ చప్పుడులోనే చదువుకుంటారు. 2020 మార్చి 22న జనతా కర్ఫ్యూ, దాని వెనకాలే లాక్‌డౌన్. సాంచాలు ఆగిపోయాయి. బీడీల పనీ ఆగింది. ఊరంతా నిశ్శబ్దమైతే కొందరికి నిద్రే పట్టలేదంటే నమ్ముతారా?

పని లేదు, కూలి లేదు, బయటికి పోయే వీల్లేదు. ఇక మిగిలింది టీవీ. అందులోనూ కొత్తది ఏమీ లేదు. సినిమా హాళ్లు మార్చి మధ్యలోనే మూతపడ్డాయి. సీరియళ్ల షూటింగులు ఆగిపోయి చూసిన భాగాలే మళ్లీ మళ్లీ వచ్చాయి. జూన్‌లో షూటింగులు తిరిగి మొదలయ్యేదాకా అదే పరిస్థితి. న్యూస్ పెడితే కేసుల లెక్కలు, అంబులెన్సుల మోత.

ఆ సమయంలో మార్చి 28 నుంచి దూరదర్శన్ రామానంద్ సాగర్ 'రామాయణ్'ను తిరిగి వేసింది. పొద్దున 9 గంటలకొకసారి, రాత్రి 9 గంటలకొకసారి. 1987 జనవరిలో మొదలై 1988 జూలై దాకా ఆదివారం ఆదివారం వచ్చిన సీరియల్ అది. ఆనాటి సంగతులు మా అత్తమ్మ కథలు కథలుగా చెప్పేది. "వాడకట్టు మొత్తానికి ఒక్క టీవీ ఉంటుండె. చెప్పులు ఇడిచి, కాళ్లు కడుక్కోని పోయి కూసునేటోళ్లం. హిందీ ఒక్క ముక్క సమజ్ కాకపోయినా అంతా సమజయ్యేది!" అని నవ్వేది. కథ తెలిసిందే. భాష రాకపోయినా, ముందు ఏం జరుగుతుందో తెలిసిన కథను చూడటంలో ఒక ధైర్యముంది. రేపేం జరుగుతుందో తెలియని రోజుల్లో పెద్దవాళ్లకు కావలసింది కూడా అదే.

టీవీయే బడి అయినప్పుడు

ఆ ఏడాది సెప్టెంబరు 1న ఇంకో చిక్కు వచ్చింది. ప్రభుత్వ బడి పిల్లలకు 3వ తరగతి నుంచి పైవాళ్లకు దూరదర్శన్ యాదగిరిలోనూ, టీశాట్ ఛానళ్లలోనూ పాఠాలు మొదలయ్యాయి. అంటే ఇంట్లో ఉన్న ఒక్క టీవీ తాతకు రామాయణం కావాలి, తండ్రికి న్యూస్ కావాలి, తల్లికి సీరియల్ కావాలి, పిల్లలకు బడి కూడా కావాలి!

ఇలాంటప్పుడు ముందుగా వంతు వదులుకునేది ఎవరో చెప్పనక్కర్లేదు. తల్లి. ఆ తర్వాత ఆడపిల్ల. "తమ్ముడు పాఠం ఇంటున్నడు, నువ్వు తర్వాత ఫోన్‌ల చూసుకుందువు తియ్, జర గిన్నెలు తోము బిడ్డా" అన్న మాట ఎన్ని ఇళ్లలో వినిపించిందో! ఆ 'తర్వాత' వచ్చేసరికి ఫోన్‌లో డేటా అయిపోయేది. పోయిన పాఠం మళ్లీ చెప్పేవాళ్లుండరు. సినిమాలూ సీరియళ్లూ ఎంచుకోవడం వట్టి కాలక్షేపం గొడవ కాదని నాకు అనిపించింది ఇందుకే. ఇంట్లో ఎవరి అవసరానికి ఎంత విలువుందో రిమోట్ చెప్పేస్తుంది.

మా వాడకట్టులో ఒక అక్క ఈ చిక్కును భలేగా విప్పింది. బీడీలు చుట్టి ముగ్గురు పిల్లల్ని చదివించుకుంటున్న మనిషి. సుద్దముక్కతో గోడ మీద గీతలు గీసి, ఏ గంటకు టీవీ ఎవరిదో రాసి పెట్టింది. పాఠాలకు మొదటి పీట. ఆ గంటల్లో వేరే ఛానల్ మాటే లేదు. పొద్దటి గంట మామదీ, రాత్రి న్యూస్ అరగంట భర్తదీ. అంతా రాశాక నడిపి బిడ్డ అడిగిందట, "మరి నీదేదే అమ్మా?" అని. అప్పుడు మధ్యాహ్నం రెండు నుంచి మూడు దాకా తన పేరు రాసుకుంది. మొదట్లో భర్త గునిసినా, నాలుగు రోజులకు అలవాటు పడ్డాడట. చెప్పింది తను కాదు కదా, గోడ చెప్పింది!

కళ్లతో చూస్తామా, చెవులతోనా?

మన ఆడవాళ్లలో చాలామంది టీవీని కళ్లతో కంటే చెవులతోనే ఎక్కువ చూస్తారు. ఒళ్లో చాట పెట్టుకుని తునికాకు కత్తిరిస్తూనో, కండెలు చుడుతూనో, కూరగాయలు తరుగుతూనో కథంతా అర్థం చేసుకుంటారు. సీరియల్ వాళ్లకు ఈ సంగతి తెలుసు. అందుకే ప్రతిదీ నోటితో చెప్పిస్తారు, ఏడుపొచ్చే చోటికి మోత పెంచుతారు.

కాబట్టి ఏదైనా ఎంచుకునేటప్పుడు చేతిలో పనుందా లేదా చూసుకోవాలి. చేతిలో పనుంటే మాటల బలమున్నవి పెట్టుకోండి. 'గుండమ్మ కథ' (1962), 'అహ నా పెళ్లంట' (1987) లాంటివి వంటింట్లోంచి విన్నా సగం సినిమా చూసినట్టే. 2001 నుంచి 2007 దాకా జెమినీలో వచ్చిన 'అమృతం' కూడా అంతే. చేతులు ఖాళీగా ఉండి, అడ్డం పడేవాళ్లు లేనప్పుడు కళ్లతో చూడాల్సినవి పెట్టుకోవాలి. 2021 జనవరిలో వచ్చిన మలయాళ సినిమా 'ద గ్రేట్ ఇండియన్ కిచెన్' అలాంటిది. అందులో మాటలు తక్కువ, వంటింటి చప్పుళ్లు ఎక్కువ. కింద అక్షరాలు చదువుకుంటూ కూర తరగలేం కదా! ఇంకో చిత్రం చూడండి. వంటింట్లో నలిగిపోయే ఇల్లాలి కథను వంట చేసుకుంటూ చూడటం కుదరదు!

ఎంచుకునే ముందు

పాట విన్నంత సులువుగా సినిమా ఎంచుకోలేం. రెండున్నర గంటలు దానికి ఇవ్వాలి. అందుకని నేనైతే ముందు ఈ సంగతులు చూస్తాను.

మంచం మీద ఉన్న మనిషి ఒంటికి ఏది సరిపడుతుంది? ఆపరేషన్ అయి కుట్లున్నవాళ్లకు జంధ్యాల సినిమా పెడితే నవ్వలేక, నవ్వకుండా ఉండలేక నరకం చూస్తారు. కుట్లు మానేదాకా చిరునవ్వుతో సరిపెట్టే సినిమాలే మేలు. బాపు 'పెళ్లి పుస్తకం' (1991) అందుకు భేషుగ్గా ఉంటుంది. కంటి ఆపరేషన్ అయినవాళ్లకు డాక్టరు చూడొచ్చనేదాకా పాత పాటలూ, రేడియో నాటికలూ వినిపించండి.

పక్కన ఎవరు కూర్చుంటారు? అత్తమామలతో, ఎదిగిన పిల్లలతో కలిసి చూస్తూ మధ్యలో తలలు దించుకోవాల్సి వస్తే ఆ సాయంత్రమంతా ఇరకాటమే. తెలియని సినిమా అయితే ముందు చూసినవాళ్లను ఒక మాట అడగండి.

అది ఎప్పుడు అయిపోతుంది? పది రోజుల జ్వరానికి మూడేళ్ల సీరియల్ మొదలుపెడితే జ్వరం తగ్గుతుంది గానీ సీరియల్ తగ్గదు. ఇంట్లో ఉండాల్సింది వారమే అనుకుంటే వారంలో అయిపోయేవే చూడండి.

చూశాక మనసుకు ఏం మిగులుతుంది? దిగులుతో ఉన్న మనిషికి 'మాతృదేవోభవ' (1993) చూపించకూడదు. అది గొప్ప సినిమా కాదని కాదు. అంత ఏడుపు తట్టుకోవాలంటే ఒంట్లో ఓపిక ఉండాలి. అలాగని ఏడిపించే సినిమాలన్నీ వద్దని కూడా అనను. కొన్నాళ్లుగా బిగబట్టుకున్న దుఃఖం సినిమా పేరు మీద బయటికి వస్తే మంచిదే.

ఎవరికి ఏది?

పెద్దవాళ్లకు తెలిసిన కథలు, తెలిసిన పాటలు. 'మాయాబజార్' (1957), 'మిస్సమ్మ' (1955) ఎప్పుడు పెట్టినా కాదనరు. వీలైతే 'గులేబకావళి కథ' (1962) చూపించండి. మా వేములవాడ పక్కన హన్మాజీపేటలో పుట్టిన సినారె సినిమాలకు పాటలు రాయడం మొదలుపెట్టింది దానితోనే. "మనూరాయనే రాసిండు" అని చెబితే పెద్దవాళ్ల ముఖాలు ఎలా వెలుగుతాయో చూడండి.

నేతపనివాళ్ల ఇంట్లో పిల్లలకు 'మల్లేశం' (2019) తప్పకుండా చూపించాలి. ఆసు పోసీ పోసీ తల్లి చేయి పడిపోతుంటే చూడలేక, ఆసు యంత్రం కనిపెట్టిన చింతకింది మల్లేశం కథ. ఆయనకు 2017లో పద్మశ్రీ వచ్చింది. పెద్ద చదువు లేని మనిషి, తల్లి నొప్పిని చూసి యంత్రం చేశాడు. సినిమా అయిపోగానే మీ పిల్లల్ని ఒక్క మాట అడగండి, "మీ అమ్మకు ఏ పని చేస్తే నడుము నొస్తదో మీకు ఎరుకేనా?" అని. ఆ జవాబు కోసమైనా ఆ సినిమా చూడాలి.

ఇంటిల్లిపాదికీ అంటే 2023 మార్చిలో వచ్చిన 'బలగం'. తీసిన వేణు యెల్దండి మా సిరిసిల్ల బిడ్డే. కథ మా దిక్కు పల్లెలోదే. కొమురయ్య చనిపోతాడు. పిట్టకు పెడితే పిట్ట ముట్టదు. విడిపోయిన అన్నదమ్ములూ అక్కాచెల్లెళ్లూ కలిస్తే గానీ ముట్టదు. ఊళ్లలో తెరలు కట్టి, పంచాయతీ దగ్గర అందరూ కలిసి చూసిన సినిమా అది. చావు జరిగిన ఇంట్లో పదకొండు దినాలు టీవీ పెట్టరు. ఆ తర్వాత చుట్టాలంతా వెళ్లిపోయి ఇల్లు బోసిపోయినప్పుడు, పాలివాళ్లతో మాటల్లేని ఇళ్లలో దీన్ని చూస్తే మంచిదని నా ఉద్దేశం. ఒక్కటే షరతు. ఎవరినో చూపించి "గట్లుండాలె" అని దెప్పిపొడవడానికి మాత్రం వాడుకోకండి.

బాలింతలకు చిన్న చిన్న ముక్కలుగా చూసేవి కావాలి. పాప ఎప్పుడు ఏడుస్తుందో తెలియదు గనుక ఇరవై నిమిషాల్లో అయిపోయే హాస్య కథలు నయం. నేరాలు, పిల్లల్ని ఎత్తుకుపోవడాలు ఉన్నవి ఆ రోజుల్లో వద్దే వద్దు. అసలే నిద్రలేని రోజులు.

తాళం వేయడం నేర్చుకోండి

ఇప్పుడు ఫోన్‌లోనూ టీవీలోనూ ఓటీటీలున్నాయి. ఎంచుకోవడానికి వేలకొద్దీ ఉన్నాయి కాబట్టి కష్టం తగ్గిందనుకుంటాం. నిజానికి పెరిగింది. అరగంట వెతికి, ఏదీ తేలక, విసుగొచ్చి పడుకునేవాళ్లు ఎందరో. దీనికి నా దగ్గరొక ఉపాయముంది. ఎవరైనా మంచి సినిమా అని చెప్పగానే పాల లెక్క రాసే క్యాలెండర్ వెనక పేరు రాసుకుంటాను. ఇంట్లో ఉండిపోవాల్సిన రోజు వస్తే ఆ జాబితా సిద్ధంగా ఉంటుంది.

పిల్లల సంగతికొస్తే, 2021లో వచ్చిన నిబంధనల ప్రకారం ఓటీటీలో ప్రతి సినిమాకూ, సిరీస్‌కూ వయసు గుర్తు ఉండాలి. యు అంటే అందరికీ. ఆపైన 7 ఏళ్లు, 13 ఏళ్లు, 16 ఏళ్లు నిండినవాళ్లకు యుఏ గుర్తులు. ఏ అంటే పెద్దవాళ్లకు మాత్రమే. 13 పైబడిన వాటికి తాళం వేసే ఏర్పాటు కూడా ఉండాలి. సెట్టింగుల్లోకి వెళ్లి నాలుగంకెల సంఖ్య పెట్టుకుంటే చాలు. "నాకు రాదు, ఆయనకే తెలుసు" అనకండి. గ్యాస్ బుకింగ్ నేర్చుకోలేదా? ఇదీ అంతే. పిల్లలకు తెలిసేలోపు మనకు తెలియాలి!

న్యూస్‌కు మాత్రం గంట కొట్టినట్టు సమయం పెట్టండి. పొద్దున ఒకసారి, రాత్రి ఒకసారి. 2021 సెప్టెంబరులో మా సిరిసిల్ల వీధుల్లోకి వరద వచ్చినప్పుడు వార్తల అవసరం నిజంగా ఉండింది. ఏ దారి మూసేశారో, వాన ఇంకెంత ఉందో తెలియాలి. అది తెలిశాక మునిగిన ఇళ్లనే పదేపదే చూస్తూ కూర్చుంటే నీళ్లు తగ్గవు, గుండెదడ పెరుగుతుంది.

ఇల్లాలి వంతు

లాక్‌డౌన్‌లో అందరూ అన్నమాట, "ఇంట్లోనే ఉండి ఉండి పిచ్చెక్కుతోంది" అని. ఏళ్ల తరబడి ఇంట్లోనే ఉండే ఆడవాళ్ల గురించి అంతకుముందు ఎవరికైనా ఆ మాట తోచిందా? మగవాళ్లకూ పిల్లలకూ అది సెలవులాంటి నిర్బంధం. ఇల్లాలికి మాత్రం మూడు పూటలూ టీలూ, టిఫిన్లూ పెరిగిన నిర్బంధం. అందరూ ఇంట్లో ఉన్న రోజున ఆమెకు దక్కే ఆ ఒక్క గంటా పోయింది.

అందుకే నా మాట ఒకటే. మీ ఇంట్లో టీవీకి వంతులు రాసుకుంటే మీ పేరు కూడా రాసుకోండి. చివర్న కాదు, మధ్యలో ఎక్కడో గట్టిగా. ఆ గంటలో మీరు పాత సినిమా చూస్తారో, సీరియల్ చూస్తారో మీ ఇష్టం. "గా ఏడుపు సీరియలేందే!" అని ఎవరైనా వెక్కిరిస్తే, క్రికెట్ మ్యాచ్ అయిదు రోజులు నడిచినప్పుడు మీరేమన్నా అన్నారా అని నవ్వుతూనే అడగండి. ఆ గంటలో ఎవరైనా టీ అడిగితే స్టవ్ ఎక్కడుందో చూపించండి. పాలు ఫ్రిజ్‌లోనే ఉంటాయి కదా!