మేమోగ్రామ్ రిపోర్టుని చదవడం ఎలా?

వందల పేజీల సర్వరు లాగులని ఓపిగ్గా చదివే మనవాళ్ళు, ఇంట్లో ఆవిడకి వచ్చిన మేమోగ్రామ్ రిపోర్టుని చేతికిస్తే రెండో లైను దగ్గర ఆగిపోతారు. అసలు రొమ్ము అనడానికే మనకి నోరు రాదు, డాక్టరు దగ్గర కూడా ఛాతీ అని సరిపెట్టుకుంటాం. మోకాలు, మెడ అన్నంత మామూలుగా అనవలసిన మాట అది. ఇక్కడ అలాగే వాడతాను.

ముందు యంత్రం సంగతి. మేమోగ్రామ్ అంటే తక్కువ మోతాదు ఎక్స్‌రే బొమ్మ. రొమ్ముని రెండు పలకల మధ్య పెట్టి కొన్ని సెకండ్లు నొక్కుతారు. అలా నొక్కితే లోపలి కణజాలం పలచగా పరుచుకుంటుంది, ఒకదాని వెనక ఒకటి దాక్కోదు, బొమ్మ అలుక్కుపోదు, పైగా ఎక్స్‌రే మోతాదు కూడా తగ్గుతుంది. ఆ రోజు చంకల్లో డియోడరెంటు వద్దంటారు. అందులోని అల్యూమినియం రేణువులు బొమ్మలో తెల్లటి నలుసుల్లా కనిపించవచ్చు. కేన్సరు తొలి జాడల్లో ఒకటైన కేల్షియం నలుసులు కూడా అచ్చం అలాగే ఉంటాయి మరి!

బొమ్మలో కొవ్వు నల్లగానూ, పాలగ్రంథులూ పీచు కణజాలమూ తెల్లగానూ పడతాయి. వచ్చిన చిక్కల్లా కంతి కూడా తెల్లగానే పడడం. సున్నం కొట్టిన గోడ మీద ముగ్గుపిండితో చుక్క పెడితే ఎవరికి కనిపిస్తుంది? అందుకే అమెరికాలో 2024 సెప్టెంబరు 10 నుంచి, రొమ్ము 'డెన్స్' అవునో కాదో ప్రతి మహిళకీ రాతపూర్వకంగా చెప్పి తీరాలని ఎఫ్‌డీఏ నియమం పెట్టింది. ఈ ఉత్తరం చూసి కంగారు పడిన వాళ్ళున్నారు. నలభై దాటిన ఆడవాళ్ళలో దాదాపు సగం మందికి ఉండేది డెన్స్ రొమ్మే. అది జబ్బు కాదు, లోపమూ కాదు. సైజుని బట్టి గాని, చేత్తో తడిమి గాని తెలిసేదీ కాదు. కాకపోతే బొమ్మలో కంతిని దాచేస్తుంది, కేన్సరు ముప్పుని కొంత పెంచుతుంది. కనుక అల్ట్రాసౌండ్ గాని, ఎమ్మారై గాని కావాలా అని డాక్టరుని అడగాలి.

ఇక ఫలితం. బైరాడ్స్ అనే స్కోరు 0 నుంచి 6 దాకా ఉంటుంది. ఇందులో 0 అంటే 'ఏమీ లేదు' అని కాదు, 'ఇంకా తేలలేదు, మరికొన్ని బొమ్మలు తియ్యాలి' అని. మన భాషలో చెప్పాలంటే ఇది ఫాల్స్ కాదు, నల్! 1, 2 వస్తే నిశ్చింత. 4, 5 వస్తే సాధారణంగా సూదితో ముక్క తీసి చూస్తారు. అమెరికాలో వెయ్యిమందికి పరీక్ష చేస్తే సుమారు వందమందిని మళ్ళీ పిలుస్తారు, ఇరవై మందికి సూది పరీక్ష అవసరమవుతుంది, అయిదుగురిలో కేన్సరు తేలుతుంది. మళ్ళీ రమ్మన్నారని ఆ రాత్రి నిద్ర మానుకోనక్కరలేదు, అలాగని వెళ్ళడం మానుకోనూ కూడదు.

ఈ బొమ్మలు చదవడంలో కంప్యూటరు సాయం కొత్తదేమీ కాదు. అలాంటి మొదటి సాఫ్ట్‌వేరుకి ఎఫ్‌డీఏ 1998లోనే అనుమతిచ్చింది. 2007లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వచ్చిన పరిశోధన చూస్తే, అది వాడిన చోట సూది పరీక్షలు దాదాపు 20 శాతం పెరిగాయి గాని, పట్టుబడిన కేన్సర్లు చెప్పుకోదగ్గంతగా పెరగలేదు. అలర్టులు ఎక్కువైన మానిటరింగ్ సిస్టమ్ ఎలా ఉంటుందో మీకు తెలియనిది కాదు. స్వీడన్‌లో 80 వేల పైచిలుకు మహిళలతో చేసిన ప్రయోగం వివరాలు 2023లో వచ్చాయి. అక్కడ కృత్రిమ మేధ ముందుగా బొమ్మలని వడబోసింది. ముప్పు తక్కువగా కనిపించినవి ఒక డాక్టరు, ఎక్కువగా కనిపించినవి ఇద్దరు చదివారు. చదివే పని 44 శాతం తగ్గింది, కేన్సర్లు మాత్రం 203కి బదులు 244 దొరికాయి, అనవసరపు పిలుపులు పెరగలేదు. నా లెక్కన తేడా అంతా యంత్రానికి ఏ పని అప్పజెప్పారన్న దాంట్లోనే ఉంది.

ఎప్పుడు మొదలుపెట్టాలి? మామూలు ముప్పు ఉన్నవాళ్ళు 40 నుంచి 74 ఏళ్ళ దాకా రెండేళ్ళకొకసారి అని అమెరికా నిపుణుల బృందం 2024లో చెప్పింది. ఇండియాలో ఉన్న అమ్మకీ అత్తగారికీ యంత్రం అందుబాటులో లేకపోయినా దారి ఉంది. ముంబాయిలో టాటా మెమోరియల్ వారు లక్షన్నర మంది మహిళలతో ఇరవై ఏళ్ళు నడిపిన అధ్యయనం 2021లో వచ్చింది. శిక్షణ పొందిన ఆరోగ్య కార్యకర్తలు రెండేళ్ళకొకసారి చేత్తో పరీక్షించినంత మాత్రానే, యాభై దాటిన వాళ్ళలో రొమ్ము కేన్సరు మరణాలు దాదాపు 30 శాతం తగ్గాయి. చాలా విజిటర్ ఇన్సూరెన్సులు ఇలాంటి పరీక్షలకి డబ్బివ్వవు కనుక, విమానం ఎక్కక ముందే అక్కడ చేయించడం మేలు. కొత్తగా గడ్డ తగిలినా, చర్మం సొట్ట పడినా, చనుమొన లోపలికి పోయినా, రక్తం కారినా మాత్రం పరీక్ష తేదీ దాకా ఆగకూడదు. ఇది మగవాళ్ళకీ వర్తిస్తుంది. అమెరికాలో వచ్చే రొమ్ము కేన్సర్లలో వందకి ఒకటి వాళ్ళదే.

ప్రాజెక్టు మారిందని ఊరు మారే మనకి ఇంకో సంగతి. కొత్త బొమ్మని పాతదానితో పోల్చి చూస్తేనే మార్పు తెలుస్తుంది. పాతవి దొరక్కపోతే అనవసరంగా మళ్ళీ పిలిచే అవకాశం పెరుగుతుంది. అడిగితే ఆ బొమ్మలు ఇవ్వవలసిన బాధ్యత అమెరికా చట్టం ప్రకారం పరీక్ష చేసిన కేంద్రానిదే. సామాను సర్దే ముందు ఫోను చేసి, డిస్కు తెచ్చుకోండి.