మౌదఖ్ నది వెంట సాగరము దాక

కొండల సీమలో నడక యనగానే నిట్టూర్పులు, నొప్పులెత్తు మోకాళ్లు మనకు తలపునకు వచ్చును. కొండలను దగ్గరగా చూడవలెనను కోరిక పలువురకు కలదు. ఎక్కు శక్తి కొందరికే కలదు. వయసు మళ్లినవారును, చంటిబిడ్డల తల్లులును నిశ్చింతగా నడువదగిన బాట యొకటి బ్రిటనులోని వేల్సు దేశమున నున్నది. డోల్‌గెత్లై అను చిన్న పట్టణమున మొదలై, నది వెంట సుమారు 9 మైళ్లు, అనగా 15 కిలోమీటర్లు సాగి, కార్డిగన్ అఖాతపు టొడ్డున నున్న బార్మౌత్ చేరును. ఇరువైపుల కొండలు నిలిచియున్నను బాట మాత్రము అరచేయివలె చదునుగా నుండును. కొండల నడుమ ఈ చదును ఎక్కడిది?

ఈ బాటను వేసినవారు పాదచారులను తలచి వేయలేదు. రైలు కొరకు వేసిరి. ఆవిరి యంత్రము బరువైన బండ్లను నిట్రమైన ఎత్తునకు లాగజాలదు. కావున ఇంజనీర్లు, నది వేలయేండ్లుగా చేసికొన్న మార్గమునే పట్టుకొని, పల్లమునకు కట్ట పోసి, మిట్టను చెక్కి, 1860–70 నడుమ పట్టాలు పరచిరి. దాదాపు నూరేండ్లు రైళ్లు నడచినవి. రాబడి చాలని చిన్న మార్గములను దేశమంతట మూసివేయు రోజులలో, 1965 లో, ఇదియు మూతపడెను. పట్టాలు పోయినవి, చదును మిగిలినది. ఆ చదునే నేడు మౌదఖ్ బాట.

ఇక నడత మొదలిడుదము. నల్లని బూడిదవన్నె రాతి ఇండ్ల డోల్‌గెత్లై దాటగానే మన ప్రక్కన పారునది మౌదఖ్ కాదు; దాని ఉపనదియైన ఊనియన్. కొలది దూరమున అది మౌదఖ్‌లో కలియును. ఎడమవైపు 893 మీటర్ల ఎత్తున కాదెర్ ఇద్రిస్ పర్వతము. ఇద్రిస్ అను రాక్షసుని పీఠమని దాని పేరునకు అర్థము. ఆ శిఖరముపై ఒంటరిగా ఒక రాత్రి నిద్రించినవాడు కవియై గాని, పిచ్చివాడై గాని మేల్కొనునని అక్కడివారి కథ. మన బాట క్రిందనే పోవును గనుక ఆ రెండు భయములును మనకు లేవు!

రెండు మూడు మైళ్లు నడచునప్పటికి పెన్‌మైన్‌పూల్ వచ్చును. అచట 1879 లో కట్టిన కొయ్య వంతెన యున్నది. 1966 జూలైలో బార్మౌత్ నుండి వచ్చిన విహార నౌక యొకటి ఈ వంతెనకు కొట్టుకొని పదునైదుగురు మరణించిరి. ప్రశాంతముగా కనిపించు ఈ నీటికి గల బలము అట్టిది.

ఇచటి నుండి నది వెడల్పగును. ఇది నదియు సముద్రమును కలిసి ఏలు చోటు. పోటు వేళ ఉప్పునీరు కొండల పాదముల దాక నిండి సరస్సును తలపించును. ఆటు వేళ పసుపువన్నె ఇసుకతిన్నెలు బయటపడి, వాని నడుమ నీరు సన్నని పాయలై పారును. బాట విడిచి ఆ తిన్నెలపైకి దిగరాదు. పోటు వచ్చునపుడు నీరు ముందు నుండియే కాదు, వెనుకనున్న పాయల గుండ కూడ చుట్టుముట్టును.

ఈ ఒడ్డులలో పదునెనిమిదవ శతాబ్ది నడుమ నుండి నూరేండ్లకు పైగా ఓక్ కలపతో ఓడలు కట్టిరి. రైలు వచ్చి ఓడను త్రోసివేసెను. మోటారు వచ్చి రైలును త్రోసివేసెను. నడక మాత్రము ఎవరును త్రోయకయే మిగిలినది.

తుదకు బార్మౌత్ వంతెన. 1867 లో తెరచిన ఈ కొయ్య వంతెన దాదాపు అరమైలు పొడవున నదీముఖమును దాటును. సముద్రతీరము వెంట నడచు రైళ్లు నేటికిని దీనిపై పోవుచున్నవి, ప్రక్కనే కాలిబాట. 1980 లో దీని స్తంభములను ఓడపురుగు తొలిచినట్లు తేలి రైళ్లను ఆపవలసివచ్చెను. పేరునకు పురుగే గాని నిజమునకు అది ఆల్చిప్పల జాతి ప్రాణి. ఉప్పునీట నానిన కొయ్యలో గూడు తొలుచుకొని బ్రతుకును. పై నుండి చూచిన స్తంభము చెక్కుచెదరనట్లే యుండును, లోన డొల్ల. చెడిన కొయ్యలను మార్చి వంతెనను నిలిపిరి. మరల 2020–2023 నడుమ పెద్దయెత్తున బాగుచేసిరి. 2016 ప్రాంతమున కాలిబాటకై యిచ్చు సొమ్మును స్థానిక కౌన్సిలు ఆపదలచినపుడు, నడకదారి మూతపడునను భయముతో వేలమంది అర్జీపై సంతకములు చేసిరి. దారి నిలిచినది.

ఈ సంగతి మనకు దూరమైనది కాదు. రాజమహేంద్రవరమున గోదావరిపై 1900 లో తెరచిన హేవ్‌లాక్ వంతెన 1997 లో రైళ్లకు సెలవిచ్చినది. పాతబడిన దారి పనికిమాలిన దారి కాదని మౌదఖ్ చెప్పుచున్నది. అయితే పట్టాలు తీసినంతనే అది నడకదారి కాదు; ఏటేట ఎవరో కొయ్య మార్చవలెను, కట్ట సరిచేయవలెను, ఖర్చు భరింపవలెను.

వంతెన దాటితిమి. ఎదుట అఖాతము, ఇసుక, అలలు. ఊరి మీది కొండచరియ దినాస్ ఒలై. 1895 లో టాల్బట్ అను నామె దానిని ప్రజలకై దానమిచ్చినది. బ్రిటనులోని నేషనల్ ట్రస్టునకు లభించిన మొదటి భూమి అదియే. సులువైన నడక యని మనమనుకొన్నది ఎందరి కష్టము, ఎందరి ఔదార్యము కలిసినదో ఆ యొడ్డున కూర్చుండి తలచుకొన్న, అలసట కొంత తీరును.