ఋతువెరిగి గోదావరికి

విహారయాత్ర అనగానే మనం ముందుగా సెలవులు చూస్తాము, తరువాత టిక్కెట్లు చూస్తాము. ఋతువును మాత్రం చూడము. ఆ పొరపాటు నేనూ చేశాను. కొన్నేళ్ళ క్రితం శ్రావణ మాసంలో, నిండు గోదావరిని చూడాలన్న ఉబలాటంతో వృద్ధురాలైన మా అత్తగారిని కూడా వెంటబెట్టుకొని రాజమహేంద్రవరం చేరుకున్నాము. రెండు రోజులు వానలో తిరిగి, దొరికినచోట తిని, దొరికిన నీరు త్రాగాము. మూడవనాడు ఆమెకు అతిసారం పట్టుకున్నది. యాత్ర ఆసుపత్రిలో ముగిసింది. ఆమె తేరుకోవడానికి నెల పట్టింది.

ఇంటికి వచ్చి అష్టాంగహృదయంలోని ఋతుచర్యాధ్యాయం తెరిచాను. వర్షఋతువులో జఠరాగ్ని మందగిస్తుందనీ, నదీజలాన్ని, శ్రమను, పగటినిద్రను, ఎండను వర్జించాలనీ వాగ్భటాచార్యుడు స్పష్టంగా చెప్పి ఉన్నాడు. మేము చేసినవన్నీ ఆయన వద్దన్న పనులే! హేమంతంలో మాత్రం దేహబలమూ జీర్ణశక్తీ అధికంగా ఉంటాయి. బలం ఉండి, స్నిగ్ధాహారం తీసుకొనేవారు శీతకాలంలోనూ వసంతంలోనూ అర్ధశక్తి మేరకు వ్యాయామం చేయాలన్నదీ ఆయన మాటే. అందుచేత రెండవ యాత్రను మార్గశిరంలో పెట్టుకున్నాము. అత్తగారూ వచ్చారు.

కాలువగట్టున తొలి నడక

మొదటిరోజు ధవళేశ్వరం వెళ్ళాము. 1847–1852 సంవత్సరాల మధ్య సర్ ఆర్థర్ కాటన్ ఇక్కడే ఆనకట్ట నిర్మించాడు. దాని స్థానంలో నేడు బ్యారేజి ఉన్నది. గోదావరి ఇక్కడ గౌతమి, వసిష్ఠ అనే ప్రధాన పాయలుగా చీలిపోతుంది. ఇక్కడి నుండి కాలువల ద్వారా పారే నీరే డెల్టా పచ్చదనానికి మూలం. కాలువగట్ల మీద కొబ్బరిచెట్ల నీడన ఉదయపు నడకకు మించిన వ్యాయామం లేదు. నేల చదునుగా ఉంటుంది గనుక మోకాళ్ళ నొప్పులవారికీ కష్టం కాదు.

నడక తరువాత ఆత్రేయపురంలో పూతరేకులు రుచి చూశాము. ఇవి 2023లో భౌగోళిక గుర్తింపు పొందాయి. బియ్యపుపిండి రేకు, నెయ్యి, బెల్లం: మధురమూ స్నిగ్ధమూ అయిన ఇటువంటి ఆహారాన్ని అరిగించుకొనే అగ్ని హేమంతంలోనే ఉంటుంది. మధుమేహ రోగులు మాత్రం చూసి సంతోషించవలసిందే.

కొండదారిలో అర్ధశక్తి

మరునాడు సుమారు 85 కిలోమీటర్ల దూరంలోని మారేడుమిల్లికి బయలుదేరాము. ఘాట్ రోడ్డు మలుపులలో పిల్లలకు వికారం కలుగకుండా చిన్న శొంఠిముక్క బుగ్గన పెట్టించాను. ఇక్కడి జలతరంగిణి, అమృతధార జలపాతాలు ప్రసిద్ధమైనవి. నన్ను ఎక్కువగా ఆకర్షించినది మాత్రం అడవే. పచారీ కొట్టులో పొట్లాలుగా మాత్రమే చూసే కరక్కాయ, తానికాయ, ఉసిరిక ఇక్కడ చెట్లమీదనే కనిపిస్తాయి. త్రిఫలచూర్ణం వాడే ప్రతి ఇల్లాలూ ఈ మూడు చెట్లనూ ఒకసారి చూడాలి. అయితే ఆకుగాని బెరడుగాని కోయరాదు. అడవికి నష్టం కలుగుతుంది. పైగా, ఒకదానినిపోలిన మరొక మొక్క ప్రమాదం తేవచ్చు.

జలపాతానికి వెళ్ళే దారిలో ఒకచోట అత్తగారు ఆగి, రాతిమీద కూర్చున్నారు. "ఇంకెంతో దూరం లేదండీ" అన్నాను. "నోటితో ఊపిరి వస్తున్నదమ్మా. నాకింతే చాలు" అన్నారామె. నాకు సిగ్గు వేసింది. శ్వాస ముక్కు విడిచి నోటికి రావడమే అర్ధశక్తి లక్షణమని సుశ్రుతుడు చెప్పాడు. శాస్త్రం చదివినది నేను, ఆచరించినది ఆమె. పిల్లలు, మా వారు జలపాతం చూసివచ్చేవరకు నేనూ ఆమె ప్రక్కనే కూర్చుండిపోయాను. నీటిహోరు అక్కడికీ వినిపిస్తూనే ఉన్నది.

పాపికొండల నడుమ

మూడవరోజు పడవ ప్రయాణం. ఇరువైపులా కొండలు దగ్గరై, వాటి నడుమ గోదావరి ఇరుకుగా సాగే దృశ్యం మాటలకందదు. ఈ ప్రాంతం 2008లో జాతీయ ఉద్యానవనమైంది. ఇదే నదిపై 2019 సెప్టెంబరు 15న, వరద సమయంలో, కచ్చులూరు వద్ద విహారపడవ మునిగి పదులసంఖ్యలో ప్రాణాలు పోయిన సంగతి మరువరాదు. వరదకాలంలో గోదావరిని గట్టుమీద నుండి చూసి నమస్కరించడమే మేలు. ఏ ఋతువులోనైనా అనుమతి ఉన్న పడవనే ఎక్కాలి. లైఫ్ జాకెట్‌ను దిగేవరకు విప్పరాదు. ఫొటోల కోసం అందరూ ఒకే ప్రక్కకు చేరరాదు.

మడ అడవిలో విశ్రాంతి

చివరిరోజున కాకినాడ సమీపంలోని కోరింగ అభయారణ్యానికి వెళ్ళాము. దీనిని 1978లో ఏర్పాటు చేశారు. మడచెట్ల మధ్య చెక్కబాట మీద నడవవచ్చు. బురదలో గాలి అందక, చెట్లు తమ వేళ్ళను నేలపైకి చాచి శ్వాసిస్తాయి. కొండదారిలో ఆగిపోయిన అత్తగారు ఆ బాటను నిదానంగా చివరివరకు నడిచారు!

వెంట ఉంచుకోవలసినవి

• కాచి చల్లార్చిన నీరు. విరేచనాలైతే వెంటనే త్రాగించడానికి ఓ.ఆర్.ఎస్. పొట్లాలు.
• శొంఠి, వాము, జీలకర్ర. భోజనం బరువైతే చిటికెడు వాము, ఉప్పుతో నమలి, గోరువెచ్చని నీరు త్రాగాలి.
• నువ్వులనూనె. రాత్రి గోరువెచ్చగా పాదాలకు, మోకాళ్ళకు మర్దన చేస్తే నడక బడలిక తీరి నిద్ర పడుతుంది.
• దోమతెర, నిండు చేతుల దుస్తులు. ఏజెన్సీ ప్రాంతానికి వెళ్ళివచ్చాక జ్వరం వస్తే కషాయాలతో కాలయాపన చేయక, మలేరియాకు రక్తపరీక్ష చేయించాలి.
• గుండెజబ్బు, ఉబ్బసం ఉన్నవారు కొండదారి నడకకు ముందు వైద్యుని సలహా తీసుకోవాలి.

ఈసారి తిరిగి వచ్చిన మరునాడే అత్తగారు యథాప్రకారం తులసికోట వద్ద దీపం వెలిగించారు. రెండు యాత్రలకూ నది ఒక్కటే, మనుషులమూ మేమే. మారినది ఋతువు, మా నడవడి మాత్రమే. పాఠకులు కూడా పంచాంగం చూసి, తమ బలం చూసుకొని గోదావరీతీరానికి వెళ్ళి, ఆరోగ్యంతో తిరిగి రావాలని కోరుతున్నాను.