కొమ్ము పురుగుకు కొమ్ము దేనికి? ఉద్దానం కొబ్బరితోటల నేపథ్యంలో పెంకుపురుగుల ఆయుధ పరిణామం

శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో, అంటే కవిటి, కంచిలి, సోంపేట పరిసరాలలో, కొబ్బరి రైతుకు కొమ్ము పురుగు పాత శత్రువు. విజయనగరం జిల్లా భోగాపురం వైపు తోటలకూ ఇది కొత్త కాదు. విచ్చుకోని మొవ్వును ఇది తొలిచినప్పుడు, తరువాత విప్పారిన ఆకు కత్తెరతో కోసినట్లు కనిపిస్తుంది. 1758లో లిన్నేయస్ దీని నామంలో ఖడ్గమృగాన్ని చేర్చాడు. నేటి శాస్త్రీయ నామం ఒరిక్టిస్ రైనోసిరస్. కొమ్ముతో మొవ్వును పొడుస్తుందన్న మాట తరచుగా వినిపిస్తుంది. నిజానికి తొలిచేవి దవడలు. కొమ్ము ఇరుకు సొరంగంలో ఆనుకొని ముందుకు జరగడానికి ఊతమిస్తుంది. అయితే అది పనిముట్టా, ఆయుధమా?

మగజీవుల కొమ్ములను లైంగిక వరణంతో ముడిపెట్టి 1871లో డార్విన్ చర్చించాడు. ఆ చర్చకు ప్రయోగాల బలం చేకూర్చినవారిలో డగ్లస్ ఎమ్లెన్ ముఖ్యుడు. పనామాలోని ఒంథోఫేగస్ అక్యుమినేటస్ అనే పేడపురుగులో పెద్ద మగవి కొమ్ములతో సొరంగ ద్వారాన్ని కాపలా కాస్తాయి. కొమ్ములేని చిన్న మగవి పోరాటానికి దిగవు; పక్కనుంచి మరో సొరంగం తవ్వి ఆడపురుగును చేరతాయి. దొంగదారే అయినా అదీ ఒక ప్రత్యుత్పత్తి వ్యూహమే. ఏ మగపురుగు ఏ దారి పడుతుందన్నది ప్రధానంగా డింభక దశలో దొరికిన ఆహారాన్నిబట్టి తేలుతుందనీ, తండ్రి కొమ్ము పొడవు కొడుకులకు సంక్రమించలేదనీ 1994లో ఆయన చూపాడు. 2012లో జపాన్ ఖడ్గమృగ పురుగుపై ఆయన బృందం జరిపిన పరిశోధన దీని వెనుక యంత్రాంగాన్ని వెల్లడించింది: ఇన్సులిన్ సంకేతాలను అడ్డుకుంటే కొమ్ము బాగా కుంచించుకుపోయింది, రెక్కలు కొంత తగ్గాయి, జననాంగాలు దాదాపు మారలేదు. కనుకనే కొమ్ము ఆ మగపురుగు పోషణస్థితికి నమ్మదగిన కొలత కాగలదు.

ఆయుధాలు పెరగాలంటే వనరు ఒకచోట ఉండాలి, దాన్ని ఒక్క మగపురుగు కాపాడుకోగలగాలి. ఇరుకైన సొరంగంలో పోరు ఒంటికి ఒంటి. అక్కడ పెద్ద కొమ్ముదే పైచేయి. బహిరంగంగా పదిమంది ఎగబడే చోట అంత పెట్టుబడి వృథా.

ఈ దృష్టితో చూస్తే మన కొమ్ము పురుగు కొంత భిన్నమైనది. ఇందులో ఆడదానికీ కొమ్ము ఉంటుంది. మగదాని కొమ్ము సగటున పొడవు. ఆడమగలను నికరంగా గుర్తించడానికి ఉదరం చివర చూడాలి: ఆడదానికి అక్కడ దట్టమైన వెంట్రుకలుంటాయి. రెండు లింగాలలోనూ కొమ్ము ఉండటాన్ని తవ్వకపు అవసరంతోనూ, మగదానిలోని అదనపు పొడవును పోటీతోనూ వివరించడం సమంజసమని ఈ వ్యాసకర్త అభిప్రాయం. ఈ జాతిలో మగవి విడుదల చేసే ఫెరోమోన్ ఆడమగలు రెంటినీ ఆకర్షిస్తుంది. ఎరబుట్టలలో వాడేది దాని కృత్రిమ రూపమే.

2018 అక్టోబరు 11న పలాస సమీపంలో తీరం దాటిన తిత్లీ తుపాను ఉద్దానంలో కొబ్బరిచెట్లను విస్తారంగా కూల్చింది. కుళ్లే మొద్దులూ, ఇక్కడివారు గెత్తం అనే పశువుల ఎరువు గుంతలూ డింభకాలకు నెలవులు. మొద్దు ముదిరేకొద్దీ పోషకాలు మారతాయి గనుక వాటినుండి వెలువడే పురుగుల పరిమాణంలోనూ, కొమ్ముల పొడవులోనూ తేడాలుండాలి. ఎరబుట్టలలో పడిన పురుగులను పారవేయక, లింగాన్ని నిర్ధారించి, వక్షపు వెడల్పునూ కొమ్ము పొడవునూ కొలిస్తే ఈ ఊహను పరీక్షించవచ్చు. అందుకు వెర్నియర్ కాలిపర్ చాలు. స్థానిక కళాశాలల జంతుశాస్త్ర విభాగాలకు అందుబాటులో ఉన్న పని ఇది.